తొమ్మిదిమందీ దిగాకే...

‘అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఆరు మైళ్లు మనకో లెక్కా?’ అరిజోనాలో సంక్రాంతి భోజనాల దగ్గర ఎవరో అన్న ఈ ఒక్క మాటతో మా కొండ ప్రయాణం ఖాయమైపోయింది. మరుసటి ఆదివారం తొమ్మిదిమందిమి ఫీనిక్స్‌కి తూర్పున నలభై మైళ్ల దూరంలోని సూపర్‌స్టిషన్ కొండల ముందు నిలబడ్డాం. తెల్లవారగానే ఎక్కడం మొదలెట్టాలనుకున్నాం. టిఫిన్లూ ఫొటోలూ అయ్యేసరికి తొమ్మిదైంది!

ఈ కొండలకు పేరుకు తగ్గ కథే ఉంది. జేకబ్ వాల్ట్జ్ అనే జర్మన్‌కి ఇక్కడ బంగారు గని దొరికిందనీ, అదెక్కడో ఎవరికీ అంతుపట్టకుండానే 1891లో పోయాడనీ చెబుతారు. ఆ గని కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. మాకు మాత్రం బంగారం అక్కర్లేదు. ఫ్లాట్‌ఐరన్ ఎక్కితే చాలు. ఇస్త్రీపెట్టె మొనలా ముందుకు పొడుచుకొచ్చిన రాతి చదును అది. రానూపోనూ ఆరు మైళ్లే. కానీ 2,600 అడుగులకు పైగా ఎక్కాలి.

తిరుమల దారిలో నీడ ఉంటుంది, మంచినీళ్లుంటాయి, కాళ్లు పీకితే దిగడానికి బస్సుంటుంది. ఇక్కడ మూడూ లేవు.

మాలో ఒక అక్క ఈ కొండ ముందే రెండుసార్లు ఎక్కింది. బయల్దేరేముందే మూడు షరతులు పెట్టింది. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు. నెమ్మదిగా నడిచేవాళ్లే ముందు. ఒంటిగంటయితే ఎక్కడున్నా వెనక్కి. సంచిలో దువ్వెన కూడా వేసుకోమంటే నవ్వాం. చోయా అనే ముళ్ల కాక్టస్ ప్యాంటుకు అతుక్కున్నాక తెలిసింది దాని విలువ. చేత్తో లాగితే ఆ ముళ్లు వేళ్లకు దిగుతాయి. దువ్వెనతో ఒక్క విసురు విసిరితే ఊడిపోతాయి.

మొదటి రెండు మైళ్లూ కబుర్లతోనే గడిచాయి. నున్నటి రాతి గిన్నెలాంటి చోటు దాటాక దారి అనేదే లేదు. బండల మీద చేతులూ కాళ్లూ వేసి పాకడమే. మాలో పెద్దవాడైన అన్నయ్య మోకాళ్లు అక్కడే వణకడం మొదలెట్టాయి. పైకి చెప్పలేదు. మాట తగ్గించాడంతే. అక్క అది కనిపెట్టింది. సీసా చూస్తే నీళ్లు అడుగంటాయి.

సరిగ్గా ఒంటిగంట. శిఖరం ఎదురుగా కనిపిస్తోంది. ‘ఇంకో అరగంటే కదక్కా’ అన్నారు కుర్రాళ్లు. ‘మీరెళ్లి రండి, నేనిక్కడే కూర్చుంటా’ అన్నాడు అన్నయ్య. ‘ఒక్కణ్ని వదిలి వెళ్లేదుంటే మేమంతా రావడమెందుకన్నయ్యా?’ అంటూ అక్క తన సీసా ఆయన చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. కుర్రాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ మాడ్చుకున్నాను.

దిగడం మొదలెట్టాక గానీ అర్థం కాలేదు. ఎక్కేటప్పుడు పట్టు కళ్లకు కనిపిస్తుంది. దిగేటప్పుడు కాలితో తడుముకోవాలి. బరువంతా మోకాళ్ల మీదే. కూర్చుని జారుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుంటూ కిందికొచ్చేసరికి ఐదయింది. ముప్పావుగంటలో పొద్దుగూకింది. పైన ఇంకో గంట గడిపి ఉంటే ఆ బండల మీద చీకట్లో ఉండేవాళ్లం.

ఇదంతా చల్లటి జనవరిలో. ఎండాకాలం సంగతి వేరు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో నగరంలోని కేమల్‌బ్యాక్ లాంటి కొండదారుల్ని పగటిపూట మూసేస్తారు.

‘నా వల్ల మీ అందరికీ...’ అంటూ కారు దగ్గర అన్నయ్య నసిగాడు. అక్క ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. దారినపోయే ఒకాయన్ని బతిమాలి ఫొటో తీయించుకున్నాం. శిఖరం మీద దిగిన ఫొటో మా దగ్గర లేదు. ఈ ఫొటోలో మాత్రం తొమ్మిదిమందిమీ ఉన్నాం.