అనుభవం ఎవరిస్తారు?

గత సంచికలో ఒక మిత్రుడు మన సరిహద్దు ఊళ్ళ కుర్రకారు మీద రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా చదివాను. ఆయన పట్ల న్యాయంగా ఉందామని రెండోసారి చదివితే కోపం ఇంకాస్త పెరిగింది. హోసూరు చుట్టూ ఇన్ని కార్ఖానాలు ఉండగా, బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు పనుల్లో కుదురుకుంటూ ఉండగా, మన తెలుగు పిల్లలు మాత్రం బస్టాండు దగ్గర టీకొట్ల ముందు పొద్దు పుచ్చుతున్నారనీ, వాళ్ళకు చొరవ లేదనీ, ఓర్పు అంతకన్నా లేదనీ ఆయన తేల్చేశారు. (ఒడిశా నుంచి వచ్చేవాళ్ళలో బరంపురం వైపు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మా షాపులో ఇద్దరు ఉండేవారు. ఆ సంగతి మిత్రునికి తెలిసినట్టు లేదు.) ఆయన పెద్దవారు, భాష కోసం పాటుపడినవారు. ఆ గౌరవం ఆ గౌరవమే. కానీ ఈ విషయంలో ఆయన చూసింది టీకొట్టు ముందున్న బెంచీ వరకే. ఆ బెంచీ మీద కూర్చునే ముందు ఆ పిల్లవాడు ఎన్ని గేట్ల దగ్గర నిలబడి వచ్చాడో ఆయన అడగలేదు. నేను 38 ఏళ్ళు మిషన్ల మధ్య బతికి 2022లో రిటైరైనవాణ్ణి. గేటుకు బయటా నిలబడ్డాను, లోపలా కూర్చున్నాను. కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

గేటు దగ్గర వేసే ప్రశ్న ఒక్కటే. అనుభవం ఉందా? లేదంటే, సంపాదించుకుని రా అంటారు. ఎక్కడ సంపాదించాలి? పని దొరికిన చోట. పని ఎవరికి దొరుకుతుంది? అనుభవం ఉన్నవాడికి. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు అని మన పెద్దలు నవ్వుకోడానికి చెప్పుకున్న సామెతను కంపెనీలవాళ్ళు నిబంధనగా చేసి బోర్డు మీద అంటించారు. నవ్వు మాత్రం పోయింది.

నా సంగతే మొదట చెబుతాను. మాది బాగలూరు వైపు పల్లె. 1983లో ఐ.టి.ఐ.లో టర్నర్ కోర్సు ముగించాను. సిప్కాట్ వచ్చి హోసూరు రూపం మారిపోతున్న రోజులవి. చేలు పోయినవాళ్ళకూ పోనివాళ్ళకూ కూడా మన పిల్లలు ఇక ఫ్యాక్టరీల్లో పని చేస్తారని ఒక ఆశ. నేను సైకిలు మీద పదకొండు గేట్లు తిరిగాను. ఒకచోట ఆఫీసరు నా సర్టిఫికెట్లు పట్టుకుని చూడనైనా చూడకుండా "అనుబవం ఇరుక్కా?" అన్నాడు. ఇంకోచోట ఉన్నాయన నా పేరు చదివి తెలుగులోనే "మనవాడివే, కానీ ఎక్స్‌పీరియన్స్ లేదు కదప్పా" అన్నాడు. తెలుగులో కాదన్నందుకు నాకేమీ తక్కువ బాధ కలగలేదు.

చివరికి బెంగుళూరులో ఒక చిన్న వర్క్‌షాపు యజమాని 75 రూపాయలు తీసుకుని, నేను అతని దగ్గర ఒకటిన్నర సంవత్సరం టర్నరుగా పనిచేశానని లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చాడు. ఆ డబ్బు కోసం నాయన తిండికి దాచిన రాగుల్లో ఒక మూట అమ్మాడు. 1984లో నాకు ఉద్యోగం వచ్చింది ఆ కాగితం వల్ల. ఐ.టి.ఐ.లో వచ్చిన మార్కుల వల్ల కాదు. నా నిజాయితీ మీద ఈ పత్రిక పాఠకులకు అనుమానం కలిగితే కలగనివ్వండి. నా జీవితంలో మొదటి జీతం ఒక అబద్ధం మీద వచ్చింది.

ఆ అబద్ధం ఎంత పని చేయబోయిందో కూడా చెప్పాలి. మొదటి రోజు జాబు బిగించి, చక్ కీని చక్‌లోనే వదిలేసి స్విచ్చి మీదికి చెయ్యి చాపాను. లేతు పని తెలిసినవాళ్ళకు ఈ వాక్యం చదవగానే ఒళ్ళు జలదరిస్తుంది. తెలియనివారి కోసం చెబుతున్నాను: అలా వదిలేసి మిషను తిప్పితే ఆ కీ ఎగిరి వచ్చి ఎదుటివాడి ముఖం పగలగొడుతుంది. మేస్త్రీ ఒక్క ఉదుటున వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన తమిళుడు, నాకు అప్పన్నో అన్నో కాడు. "ఒకటిన్నరేళ్ళు నేర్చుకున్నది ఇదేనా?" అని మెల్లగా అడిగి, ఆఫీసుకు చెప్పకుండా ఊరుకున్నాడు. మూడు నెలలు పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. నాకు పని రాదని ముందే తెలిసి ఉంటే మొదటి నిమిషం నుంచే నన్ను ఒక కంట కనిపెట్టి ఉండేవాడు. అనుభవం ఉందని రాయించుకు వచ్చినవాణ్ణి ఎవరు కనిపెట్టి ఉంటారు?

అనుభవాన్ని నేను కించపరచడం లేదు. టూలు కోసే శబ్దం కొంచెం మారగానే అంచు పోయిందని చెవికి తెలియడం, చిప్పు నీలంగా తిరుగుతూ ఉంటే వేడి ఎంతుందో కంటికి తెలియడం, మైక్రోమీటరును ఎంత బిగిస్తే నిజం చెబుతుందో వేళ్ళకు తెలియడం, ఇవి పుస్తకంలో రావు. మిషను దగ్గరే వస్తాయి. నా వాదమంతా అదే. మిషను దగ్గర తప్ప రాని విద్యను, మిషను ఎవరి దగ్గరుందో వాళ్ళే నేర్పాలి. మిషనున్నవాడు తలుపు మూసుకుని, ఆ విద్య బయట నేర్చుకుని రమ్మంటే దాని అర్థం ఏమిటి? నేర్పే ఖర్చు ఇంకెవరో పెట్టుకోవాలని అర్థం. ఆ ఇంకెవరో చివరికి రాగుల మూట అమ్ముకునే మా నాయన.

నలభై ఏళ్ళలో ఇదంతా మారిపోయి ఉంటుందనుకునే వాళ్ళకు మా చెల్లెలి కూతురి కథ చెబుతాను. మెకానికల్ డిప్లొమా చదివింది. 2024 జూన్ నుంచి 2025 జూలై దాకా 14 నెలలు ఒక కంపెనీలో, కాంట్రాక్టరు తరఫున, సి.ఎన్.సి. మిషను నడిపింది. షిఫ్టులు చేసింది, బోర్ గేజీ పట్టింది, ఆఫ్‌సెట్ తనే సరిచేసుకునేది. ఆర్డర్లు తగ్గాయని ఒక శనివారం ఫోను చేసి సోమవారం రావద్దన్నారు. తర్వాత ఇంకో కంపెనీలో అదే రకం మిషనుకు ఆపరేటర్లు కావాలంటే వెళ్ళింది. ఏడాది అనుభవం ఉండాలన్నారు. ఉందంది. పి.ఎఫ్. నంబరు కొట్టి చూస్తే మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు పేరు వచ్చింది. కాంట్రాక్టరును అడిగితే వాళ్ళ రికార్డులో ఆమె హెల్పరు. గేటు లోపల ఆపరేటరు, కాగితం మీద హెల్పరు. "నేను నడిపింది అదే మిషను మామా, చెప్తే నగతారు" అంది ఇంటికొచ్చి. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇక్కడ అనుభవం లేకపోవడం అనే మాటే అబద్ధం. ఉన్న అనుభవాన్ని 14 నెలలు వాడుకుని, వెళ్ళేటప్పుడు జేబులోంచి తీసేసుకున్నారు. ఇది చట్టం తెలియక జరిగేది కూడా కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో కేంద్రం చేసిన నియమాల్లోనే, పని ముగిసినప్పుడు కార్మికుడికి కాంట్రాక్టరు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది. 2020లో చేసి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో, కాంట్రాక్టు కార్మికుడు అడిగితే చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలని మళ్ళీ రాశారు. 38 ఏళ్ళలో ఒక్క కాంట్రాక్టు కుర్రవాడి చేతిలో కూడా అలాంటి కాగితం నేను చూడలేదు. అడిగే ధైర్యం ఎవరికుంటుంది? రేపు మళ్ళీ పని ఇచ్చేది ఆ కాంట్రాక్టరే.

నా తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2011లో నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు మా షాపులో ఆరు పోస్టులకు ప్రకటన రాసిమ్మన్నారు. ఐ.టి.ఐ. చదివిన ఏ పిల్లవాడికైనా మూడు వారాల్లో నేర్పగల పని అది. నేను అలాగే రాశాను. పర్సనల్ ఆఫీసులో ఉన్నాయన "కనీసం రెండేళ్ళ అనుభవం" అని చేర్చమన్నాడు. ఎందుకండీ అంటే "గోనెసంచులకొద్దీ దరఖాస్తులు వస్తాయి, ఎవరు చదువుతారు?" అన్నాడు. చేర్చాను. నా చేత్తోనే చేర్చాను. ఆ ఆరుగురిలో ఇద్దరికి ఏ అనుభవమూ లేదు. వాళ్ళకు లోపల మేనమామలు ఉన్నారు. ఆ ఇద్దరూ తర్వాత బాగానే పని చేశారు, అది వేరే సంగతి. నిజానికి వేరే సంగతి కాదు, అసలు సంగతే అది. అనుభవం లేకుండా వచ్చినవాళ్ళు బాగానే పని చేశారు. అంటే ఆ నిబంధన పని కోసం పెట్టింది కాదు, మేనమామ లేనివాణ్ణి గేటు దగ్గరే ఆపడానికి పెట్టింది.

అప్రెంటిస్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. 1961లోనే చట్టం చేశారు. 2019లో మార్చిన నియమాల ప్రకారం 30 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. కాంట్రాక్టువాళ్ళను కూడా లెక్కలో కలపాలి. మంచి చట్టమే. కానీ ఆ చట్టం అప్రెంటిస్‌ను కార్మికుడు కాదంటుంది. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని అనదు. దాంతో ఏం జరుగుతుందో షాపులో ఉన్నవాళ్ళకు తెలుసు. ఏడాదంతా ఉత్పత్తి చేయిస్తారు, ఏడాది చివర చేతులు కలిపి పంపించేస్తారు, మర్నాడు కొత్త బ్యాచి వస్తుంది. వెళ్ళిన పిల్లవాడు ఇంకో గేటుకు పోతే "అది ట్రైనింగప్పా, ఎక్స్‌పీరియన్స్ కాదు" అంటారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి పేరుతో పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 రూపాయలన్నారు, అందులో 4,500 ప్రభుత్వమే ఇస్తుందన్నారు. కంపెనీ వాటా 500. మనుషులకు పని నేర్పడానికి ఒక పెద్ద కంపెనీ పెట్టే ఖర్చు ఐదు వందలైతే, మా నాయన అమ్మిన రాగుల మూటే గొప్పది.

ఇక మన గురించి. మిత్రుని వ్యాసానికి నా అసలు జవాబు ఇది. హోసూరులో, బెంగుళూరులో, సేలంలో, షోలాపూరులో చిన్నవో పెద్దవో కార్ఖానాలూ, మగ్గాలూ, ప్రెస్సులూ, హోటళ్ళూ నడిపే తెలుగువాళ్ళు తక్కువేమీ లేరు. ఉగాది సభల్లో శాలువాలు కప్పించుకునేదీ, మైకు ముందు తెలుగు పోతోందని కన్నీళ్ళు పెట్టుకునేదీ వాళ్ళే. ఆ సభలో వెనక వరసలో కూర్చున్న పిల్లవాడు మర్నాడు వాళ్ళ గేటుకు పోతే వాళ్ళ బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది: రెండేళ్ళ అనుభవం. మన పిల్లలు ఇంట్లో తెలుగు, 2006 చట్టం వచ్చాక బళ్ళో తప్పనిసరిగా తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు, షాపులో హిందీ, ఇన్నింటినీ ఈదుకుంటూ వస్తున్నారు. అత్తిబెలె దాటితే కన్నడం కావాలి. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు కోటా ఉండాలని ఒక బిల్లు ఒప్పుకుని, గొడవ కాగానే ఆపింది. అది మళ్ళీ ఏ రోజైనా లేవవచ్చు. ఈ గట్టున పరాయివాళ్ళం, ఆ గట్టున పరాయివాళ్ళం. రెండు గట్ల మధ్య ఉన్నవాడికి చొరవ లేదనడం సులువే.

భాష అంటే సభ కాదు. ఒక పిల్లవాడు పని దొరక్క చెన్నైకో పూనాకో పోతే, పదేళ్ళకు వాడి పిల్లలు ఏ భాషలో అన్నం అడుగుతారో నేను చెప్పనవసరం లేదు. ఉగాది సభకు అయ్యే ఖర్చులో ఒక వంతుతో ఒక్కో యజమాని ఏడాదికి ఒక్క పిల్లవాణ్ణి, ఏమీ రానివాణ్ణే, ఏరి మరీ రానివాణ్ణే, పెట్టుకుని నేర్పవచ్చు. వెళ్ళేటప్పుడు చేసిన పని చేసినట్టు రాసి, సంతకం పెట్టి కాగితం ఇవ్వవచ్చు. ఇది దానం కాదు. వాళ్ళకెవరో ఒకప్పుడు అలా నేర్పారు. ఇప్పుడు యజమానులైనవాళ్ళలో చాలామంది ఎవరి మగ్గం పక్కనో, ఎవరి కొలిమి పక్కనో కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళను ఆ రోజు ఎవరూ అనుభవం అడగలేదు. కులం అడిగి ఉంటారు. ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేను అనను. కానీ కులాన్ని చూసి నేర్పిన చేతులు, కులం చూడకుండా నేర్పాల్సి వచ్చేసరికి ముడుచుకుపోవడం ఏమిటని అడుగుతాను.

మా చెల్లెలి కూతురు ఈ సోమవారం కాంట్రాక్టరు ఆఫీసుకు అర్జీ ఇవ్వడానికి పోతోంది. 14 నెలలు ఏ మిషను మీద ఏ పని చేసిందో వివరంగా రాసి, పత్రం ఇవ్వమని అడుగుతోంది. నేను కూడా పోతున్నాను. ఇవ్వకపోతే కార్మిక శాఖ ఆఫీసుకు ఇంకో అర్జీ సిద్ధంగా ఉంది. ఆ రెండింటి నకళ్ళు ఎవరికైనా కావాలంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి, పంపుతాను. తమిళంలో ఉన్నాయి. తెలుగులో కూడా ఒకటి రాసి పెట్టాను కానీ అది ఇక్కడ ఏ ఆఫీసులోనూ తీసుకోరు, మీరు చదువుకోడానికి మాత్రమే.