పాత ప్యాకేజీని తీయకుండా విండోస్ ఎందుకు మార్చడం?

పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే మనలో కొందరికి నిద్ర ఉండదు. పైథాన్ ప్రోగ్రాంలో తప్పు లేదు, మైఎస్‌క్యూఎల్ పాస్‌వర్డ్ సరైనదే. అయినా 'అథెంటికేషన్ ప్లగిన్ నాట్ సపోర్టెడ్' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. 30 మార్కుల్లో ప్రాజెక్టువి 8. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: "విండోస్ మళ్ళీ వేయించు." ఈ సలహాతో మేము ఏకీభవించం. దానితో ఫైళ్ళు పోతాయి, కారణం మాత్రం తెలియదు.

చాలాసార్లు కారణం అంతకుముందు ఎవరో వేసిన ప్యాకేజీ. 'మైఎస్‌క్యూఎల్-కనెక్టర్', 'మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-పైథాన్' అని రెండున్నాయి. పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి కానీ మొదటిది పాతది. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిని మార్చింది, పాత ప్యాకేజీకి అది తెలియదు. పైగా రెండూ ఒకే ఫోల్డర్లో చేరతాయి. ఒకదానిమీద ఇంకొకటి వేస్తే ఫైళ్ళు కలగాపులగం అవుతాయి, ఒకటి తీస్తే రెండోదాని ఫైళ్ళు కూడా పోవచ్చు. అందుకే రెండింటినీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, 'పైథాన్' అని చివర ఉన్నదాన్ని మాత్రమే వేయాలి. ఐదు నిమిషాల పని!

ఒకే కంప్యూటర్లో రెండు పైథాన్‌లు ఉండటం ఇంకో తలనొప్పి. పిప్ ఒకదానిలో వేస్తే, ఐడిల్ ఇంకోదాన్ని నడుపుతుంది.

భిలాయిలో పెరిగిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ప్లాంటులో లాడిల్ అడుగున మిగిలిన స్లాగ్ తీయకుండా మళ్ళీ ఉక్కు పోయరు. అలాగని లాడిల్‌నే పారేయరు కదా!

పైథాన్‌లో 2012 నుంచే వెన్వ్ అనే సదుపాయం ఉంది. దానితో ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ప్యాకేజీలు పెట్టుకోవచ్చు. 2023లో వచ్చిన డెబియన్ 12 అయితే, సిస్టమ్ పైథాన్‌లో పిప్‌తో నేరుగా వేయబోతే వద్దని ఆపేస్తుంది. దీన్ని పదకొండో తరగతి మొదటి నెలలోనే నేర్పాలని మా అభిప్రాయం. ల్యాబ్‌లో నెట్ నెమ్మది, ప్రతి ఒక్కరూ డౌన్‌లోడ్ చేస్తే పీరియడ్ అయిపోతుంది అంటారు. నిజమే. కానీ ప్యాకేజీ ఫైళ్ళను ఒకసారి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే క్లాసంతటికీ సరిపోతాయి. ప్రాజెక్టు ఫైల్లో సర్టిఫికెట్ పేజీ తర్వాత 'పిప్ ఫ్రీజ్' ఇచ్చే జాబితాను కూడా అంటిస్తే, వచ్చే ఏడాది అదే కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఏయే ప్యాకేజీలు వేశామో తెలుస్తుంది.