తమ్ముణ్ణి ఎత్తుకున్న అక్కకి హాజరు ఎవరేస్తారు?

కొల్లేటి అంచున ఉన్న మా బడిలో, ఊడ్పులు మొదలైన రోజున హాజరు పట్టీ తిరగేసి చూడండి. మాల మాదిగ పేటల ఆడపిల్లలు వరసబెట్టి ఆబ్సెంటు. జ్వరాలా? కావు. పండగలా? కావు. తల్లులు తెల్లారకముందే చేలోకి పోయారు. చంటోణ్ణి ఎవరో ఒకరు చూడాలి గదా! చూసేది పదేళ్ల అక్క.

ఐదో తరగతి పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే, "వీడు ఏడుత్తాడండి మాస్టారూ" అంది. మర్నాటి నించి రాలేదు.

నేనూ అట్లా అక్క చంకలో పెరిగినవాణ్ణే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా అక్క నేటికీ వేలిముద్రే వేస్తుంది. నా డిగ్రీకి ఫీజు కట్టింది ఎవరో నాకు తెలుసు.

పేదల పిల్లల కోసం కోట్లు ఖర్చు పెడుతున్నామని ప్రతి ప్రభుత్వమూ చెప్పుకుంటుంది. సరే, లెక్క చూద్దాం.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ప్రతి తల్లికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం రాసింది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి కాన్పుకి మాత్రమే, అదీ 5,000 అయింది. 2022 నించి రెండో కాన్పుకీ ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే. చట్టం ఒకటి చెప్పింది, చేతికొచ్చింది ఇంకొకటి.

బడి ఈడొచ్చాక 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం. రెండూ ఒకటో తరగతి నించే.

మరి మధ్యలో ఆరేళ్లు? మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెడతారు. మూడేళ్ల లోపు బిడ్డకి ఇంటికి పొట్లం ఇస్తారు. పొట్లం బిడ్డని ఎత్తుకుంటుందా? ఆ పొట్లానికి కూడా 2025 జూలై నించి ఫోనుకి ముఖం చూపించాలి. ముఖం చూపించాల్సిన తల్లి ఆ వేళకి మోకాటి లోతు బురదలో ఉంటుంది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో పాయలు ఏరే తల్లి బిడ్డ ఎక్కడ ఉండాలి? రొయ్యల షెడ్డులో తలలు తీసే తల్లి బిడ్డ ఎక్కడ ఉండాలి? కొల్లేటి చేపల చెరువు గట్టు మీద గుడిసె వేసుకుని కాపలా కాసే కుటుంబం బిడ్డకి నాలుగు వైపులా నీళ్లే. పాకడం నేర్చిన బిడ్డ నీళ్లవైపే పాకుతాడు. అందుకే అక్క బడి మానేస్తుంది.

ఇక్కడే అసలు కిటుకుంది. బడి డబ్బుకి 75 శాతం హాజరు షరతు. తమ్ముణ్ణి చూసుకోడానికి బడి మానిన పిల్లకి హాజరు ఉండదు. హాజరు లేదని తల్లికి డబ్బు ఆపుతారు. అంటే ప్రభుత్వం చెయ్యాల్సిన పని పదేళ్ల పిల్ల జీతం లేకుండా చేసింది, పైగా జరిమానా కూడా కట్టింది!

దీనికి అంగన్‌వాడీ టీచరుతో తగువు పెట్టుకోకండి. ఆమే మనలాంటి కూలి మనిషి. 2023 డిసెంబరు 12 నించి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంది. అప్పటికి ఆమె జీతం 11,500, ఆయాకి 7,000. జీతం అడిగితే 'గౌరవ వేతనం' అన్నారు, సమ్మె చేస్తే 'అత్యవసర సేవ' అని ఎస్మా పెట్టారు.

"మీవాళ్లకి అన్నీ ఉచితమేనా?" అని రచ్చబండ మీద పెద్దలు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల్ని చూసుకోడానికి 2008 నించి 730 రోజుల సెలవుంది, జీతంతో. మన రాష్ట్రంలో 2022లో ఆ సెలవు 180 రోజులు చేశారు. మా టీచరమ్మలు వాడుకుంటున్నారు, వాడుకోవాలి కూడా. ఉద్యోగినికైతే హక్కు, కూలితల్లికైతే ఉచితమా?

మనం అడిగేది కొత్తదేం కాదు. పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లని చూడ్డానికి ఒక మనిషిని కూలిచ్చి పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మన ఊళ్ల పనుల్లో ఆ మనిషిని మీరెప్పుడైనా చూశారా? దళిత, గిరిజన పేటలన్నిటికీ అంగన్‌వాడీ ఉండాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. సెంటరు లేని చోట ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, జనం అడిగితే మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబరు 13న చెప్పింది. పిల్లల్ని పగలంతా చూసే కేంద్రాల కోసం 2022లో 'పాల్నా' పథకం వచ్చింది. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు తెరిచి ఉంచాలి. దేశమంతటికీ అనుకున్నవి 17 వేలు. అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. నూటికి ఒకటి!

కాబట్టి సంఘాలు చెయ్యాల్సిన పని:

1. పేటలో ఆరేళ్లలోపు పిల్లల జాబితా రాయండి. బిడ్డ వయసు, తల్లి చేసే పని, పనికి పోయే వేళ, వచ్చే వేళ రాయండి. బిడ్డ కోసం బడి మానిన అక్క పేరు తప్పకుండా రాయండి. ఆ పేరు సర్కారు రిజిస్టరు దేంట్లోనూ లేదు.

2. సెంటరు లేకపోతే సెంటరు అడగండి. ఉంటే, మూడేళ్లలోపు పిల్లల్ని కూడా తల్లుల పని వేళల్లో చూసే ఏర్పాటు అడగండి. గట్టు మీద ఉన్న కుటుంబాల బిడ్డల్ని దగ్గర్లోని సెంటరులో రాయమనండి.

3. ఒక్క తల్లి పోతే రేపు రమ్మంటారు. ముప్పైమంది పోతే కుర్చీలోంచి లేస్తారు. సోమవారం అర్జీల రోజు కలెక్టరాఫీసుకి కలిసి పోండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. ఏలూరు, దెందులూరు, కైకలూరు వాళ్లు ఏలూరుకి, తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరానికి పోవాలి.

4. రసీదు లేకుండా కదలొద్దు. రసీదు మీద తేదీ నించి మూడు నెలలు లెక్కపెట్టండి.

అన్నలకి ఒక మాట. మన మీటింగుల్లో కూడా ఆడోళ్లు చంటిబిడ్డతో గుమ్మం దగ్గరే నిలబడుతున్నారు, ఆ ఐదో తరగతి పిల్ల మాదిరిగానే. 1928లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ కూలి తల్లుల ప్రసూతి భత్యం బిల్లుకి మద్దతుగా లేచి మాట్లాడాడు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలన్నాడు. ఆయన ఫొటోకి దండేసే చేతులు ఒక గంట బిడ్డని ఎత్తుకుంటే అరిగిపోవు.

అక్క చంకలోంచి బిడ్డని దించుదాం. ఆమె చేతికి పలక ఇద్దాం.

జై భీమ్!