తడిసిన శెనక్కాయలు, దాచిన ఖబర్



బెంగళూరులో పనిచేసే మా భాంజా మొన్న ఈద్‌కు కొత్తచెరువు వచ్చాడు. జీతంతోపాటు వాడికి కంపెనీ షేర్లు కూడా ఇస్తారు. "మామూ, వచ్చే నెల పెద్ద యూనిట్ ఒకటి మూసేస్తారంట. బయట ఇంకా చెప్పలేదు. చెప్తే షేరు పడిపోతుంది. ఇప్పుడే అమ్మేస్తే తప్పేముంది? నా మాలే కదా!" అన్నాడు.

మాల్ వాడిదే, షక్ లేదు. మరి కొనేవాడి సంగతేంది?

మన దగ్గర శెనక్కాయల మూట కొనేవాడు పైపైన చూసి పైసలివ్వడు, లోపలికి చెయ్యి పెడతాడు. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కూడా బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి తడి కనిపెట్టారు. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసినవి పైనెందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. తడవడం కసూర్ కాదు, దాచడమే కసూర్. షేర్ల మూటలోకి కొనేవాడి చెయ్యి పోదు. కాబట్టి లోపలున్నవాడి మీదే అమానత్ భారం ఎక్కువ.

సత్యం కంపెనీ మన కళ్లముందే జరిగింది. 2001లో నాలుగో వంతు దాకా ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి 10 శాతం లోపుకు దిగింది. మిగిలినవీ తాకట్టుకు పోయాయి. లెక్కలు ఝూట్ అని లోపలివాళ్లకు తెలుసు, కొనేవాళ్లకు తెలీదు. 2008 డిసెంబరు 16న సొంత కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామన్నారు. వాటాదారులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరంతో గుట్టు బయటపడింది. పుస్తకాల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేనేలేదు. 179 రూపాయల షేరు ఆ ఒక్క రోజే 40కి పడింది. ఆ రహస్యం తెలిసి షేర్లతో లాభపడ్డారని 2014లో సెబీ రాజుతో పాటు మరో నలుగురిని 14 ఏళ్లు మార్కెట్‌కు దూరం పెట్టింది.

"వాళ్లు పెద్దోళ్లు మామూ, నాదెంత?" అన్నాడు.

బేటా, కానూన్ కుర్చీ సైజు చూడదు, చేతిలో రహస్యం ఉందా లేదా అని చూస్తుంది. బయటికి రాని ఖబర్ తెలిసిన చిన్న ఉద్యోగి అమ్మినా జుర్మే. అవతల కొనేది ఏ టీచరమ్మో, ఏ రిటైరైన కండక్టరో కావచ్చు. నువ్వు తప్పించుకున్న నుక్సాన్ గాల్లో కలిసిపోదు, వాళ్ల ఇంటికి చేరుతుంది.

ఖబర్ అందరికీ తెలిశాక, కంపెనీ ఇజాజత్ ఇచ్చాక అమ్ముకో అన్నాను.

"అప్పటికి ధర పడిపోతుంది కదా!"

పడనీ బేటా. తగ్గిన పైసల్లోనూ బరకత్ ఉంటుంది. దోఖాతో మిగిల్చుకున్నదాంట్లో ఉండదు.