గేమ్స్ పీరియడ్ మానిపించే ముందు...



తార్నాకలో ఉండేవారికి ఇది తెలిసిన దృశ్యమే. ఆదివారం పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వాకింగ్‌కి వెళ్తే, ఖాళీ జాగా దొరికిన చోటల్లా పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. వాళ్లలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు తక్కువే. కారణం మీకూ తెలుసు, మాకూ తెలుసు. తొమ్మిదో తరగతి మొదలవగానే 'మా బాబును గేమ్స్ పీరియడ్ నుంచి మినహాయించండి' అంటూ డైరీలో రాసి పంపుతారు. తప్పంతా మీదే అనను. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసే అలవాటు బడులకూ ఉంది.

'ఆడితే ఏమొస్తుంది సార్, ఇండియాకి ఆడతాడా?' అని అడుగుతారు. అప్పుడల్లా నాకు టెస్టుల్లో ఇండియాకి మొట్టమొదటి కెప్టెన్ గుర్తొస్తారు. ఆయన మనవాడే. కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడు. 1895లో నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. 1923లో ఇందోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో అధికారిని చేశారు. అందుకే నేటికీ బీసీసీఐ ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం 'కర్నల్' సి.కె. నాయుడు పేరిటే ఉంది.

1926లో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు బొంబాయికి వచ్చింది. కెప్టెన్ ఆర్థర్ గిలిగన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారి, అమెచ్యూర్ ఆటగాడు. అమెచ్యూర్ అంటే జీతం తీసుకోకుండా ఆడేవాడు. ఇంగ్లండ్ క్రికెట్‌లో ఈ విభజన 1962 దాకా సాగింది. ఆ జట్టుపై సి.కె. 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు నాటికి ఆయనకు 36 ఏళ్లు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికన్నా ఎక్కువ, 40 పరుగులు చేశారు. 1956-57లో, 61 ఏళ్ల వయసులోనూ రంజీ ఆడారు.

ఇంత ఆడినా ఆయన ఆడిన టెస్టులు ఏడే. టెస్టుల లెక్క చూసుకుని ఆడిన మనిషైతే ఎప్పుడో బ్యాట్ పక్కన పెట్టేవారు. ఆట మీద ఇష్టమే ఆయన్ను అరవై దాటినా మైదానంలో నిలబెట్టిందని నా నమ్మకం.

'ఆయనకు మహారాజు అండ ఉంది, మా పిల్లాడికి ఎవరున్నారు?' అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. అందుకే చదువు మానేసి ఆడమని నేను చెప్పడం లేదు. చదువుకుంటూనే ఆడనివ్వమంటున్నాను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఇవ్వడానికి మహారాజు అక్కర్లేదు, అమ్మానాన్నలు చాలు.

ఇంకో మాట. మీ పాప బ్యాట్ పట్టుకుంటానన్నా ఇదే వర్తిస్తుంది. సి.కె. కూతురు చంద్ర నాయుడు మన దేశంలో తొలితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరు.

ఈ నెల డైరీలో మినహాయింపు కోరే ముందు ఒక్కసారి మీ పిల్లల్ని తీసుకుని క్యాంపస్‌కి వెళ్లండి. 'ఇండియాకి ఆడతావా?' అని అడగకండి. 'ఇవాళ బాగా ఆడావా?' అని అడగండి. వాళ్ల ముఖం చూశాక, ఆ ఉత్తరం రాయాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.