బడి ఎరుగని బీఈడీ

బీఈడీ ఎన్నేళ్లుండాలన్న చర్చ మళ్లీ మొదలైంది. ఒకప్పుడది ఏడాది కోర్సు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో రెండేళ్లయింది. 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత డిగ్రీయే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. పీజీ చేసినవారికి, నాలుగేళ్ల డిగ్రీ చదివినవారికి ఏడాది బీఈడీ చాలంటూ 2025లో మరో ముసాయిదా వచ్చింది. కోర్సు కాలం పెరిగినా తరిగినా, కాబోయే టీచరు బడిలో గడిపే రోజుల్లో ఏం నేర్చుకుంటున్నాడన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

కాగితం మీద లోటేమీ లేదు. రెండేళ్లలో 20 వారాలు బడితో ముడిపడి ఉండాలి. అందులో 16 వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్. తరగతులకు 80 శాతం హాజరు సరిపోతుంది, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాల్సిందే. ఏటా వంద మందిని చేర్చుకునే కళాశాలలో 16 మంది అధ్యాపకులుండాలి. ఇన్ని నిబంధనలున్నా, అడ్మిషన్ల వేళ కొన్ని ప్రైవేటు కళాశాలల్లో ఫీజుతో పాటే వినిపించే మాట ‘నాన్ అటెండింగ్’. రికార్డులు బయట రాయించుకోవచ్చు, హాజరు సంగతి వాళ్లే చూసుకుంటారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ 2012లోనే ఈ రోగాన్ని గుర్తించింది. విడిగా నడుస్తున్న పది వేలకు పైగా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో అధిక భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని ఆ కమిషన్‌ను ఉటంకిస్తూ జాతీయ విద్యావిధానమే ఒప్పుకుంది.

నిజాయతీగా బడికి వెళ్లే ఛాత్రోపాధ్యాయుల పరిస్థితీ గొప్పగా లేదు. పోస్టు ఖాళీగా ఉన్న బడిలో వాళ్లు అడుగుపెట్టగానే హెచ్ఎంకు ప్రాణం లేచొస్తుంది. మర్నాటి నుంచే తరగతి వాళ్ల చేతిలో పడుతుంది. ఎలా చెప్పాలో చూపే పెద్ద దిక్కు ఉండదు. పోస్టు భర్తీ అయిన బడిలో ఇందుకు విరుద్ధం. సిలబస్ పూర్తికాదన్న భయంతో సబ్జెక్టు టీచరు పీరియడ్ ఇవ్వరు. ఇచ్చినా ఆ సమయంలో తన ఆన్‌లైన్ నమోదులో మునిగిపోతారు. ఆయన్ని తప్పుపట్టలేం. శిక్షణలో ఆయనకు అధికారికంగా చెప్పుకోదగ్గ పాత్ర లేదు, పారితోషికం లేదు, మార్కుల్లో ఆయన మాటకు పెద్దగా విలువ లేదు. వైద్య విద్యతో పోల్చి చూడండి. వైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఉంటుంది. హౌస్ సర్జన్‌గా ఏడాది పనిచేయనిదే ఎంబీబీఎస్ చదివినవారు సొంతంగా వైద్యం చేయలేరు. బీఈడీ కళాశాలకు సొంత బడి ఉండటమే అరుదు.

ఇక మూల్యాంకనం. ఫైనల్ లెసన్ రోజు ఎక్కడ చూసినా ఒకే తంతు. గోడకు కొత్త చార్టు, బల్ల మీద నమూనా, ముందు వరుసలో చురుకైన పిల్లలు. ఉపోద్ఘాత ప్రశ్నలు వేసి పిల్లల నోట పాఠం పేరు చెప్పించాలి, అప్పుడే శీర్షికా ప్రకటన. ఆ పాఠం వాళ్లు నిన్ననో మొన్ననో విన్నదే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కాసేపు వెనక బెంచీలో కూర్చుని, రికార్డు మీద సంతకం పెట్టి పక్క గదికి వెళతారు. పిల్లలకు ఏం అర్థమైందన్న ప్రశ్న అక్కడ రానే రాదు.

అసలు పరీక్ష అక్కడే ఉంది. ఆరో తరగతి పిల్లవాడు 52లోంచి 27 తీసేసి 35 అని వేశాడనుకోండి. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టడం ఎవరైనా చేస్తారు. ఏడులోంచి రెండు, అయిదులోంచి రెండు తీశాడని, ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే లెక్క అనుకుంటున్నాడని పసిగట్టేవాడే టీచరు. లెక్క తెలిసినంత మాత్రాన ఈ చూపు రాదు. పిల్లల మేధో వికాసంపై పియాజే చెప్పిన దశలు వల్లించినా రాదు. సబ్జెక్టు జ్ఞానానికీ బోధనా పద్ధతికీ మధ్య ఉన్న ఈ ప్రత్యేక జ్ఞానాన్ని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే వివరించారు. అనుభవమున్న టీచరు పక్కన కూర్చుని, పిల్లల నోటు పుస్తకాలు ముందేసుకుని, వారాల తరబడి పనిచేస్తేనే అది వంటబడుతుంది. ఇంటర్న్‌షిప్ ఉన్నది అందుకే.

ఇంటర్న్‌షిప్‌పై ఉన్న కాస్త ఆసక్తినీ ఉద్యోగ నియామకాలు చంపేస్తున్నాయి. తెలంగాణ 2024లో 11,062, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ నిర్వహించాయి. స్కూల్ అసిస్టెంట్, ఎస్జీటీ ఎంపికలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. తరగతి గదిలో పాఠం చెప్పగలరా అన్నదానికి సున్నా. ఇంటర్న్‌షిప్ మానేసి కోచింగ్ సెంటర్‌లో కూర్చున్న అభ్యర్థి తన లెక్కలో తెలివైన పనే చేస్తున్నాడు.

నాలుగేళ్ల కోర్సు వస్తే అంతా చక్కబడుతుందనే వారున్నారు. అది మనకు కొత్తేమీ కాదు. 1963లో ఏర్పడిన మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ దశాబ్దాలుగా అలాంటి కోర్సు నడుపుతోంది, తెలుగు విద్యార్థులూ అక్కడ చదువుతున్నారు. ఆ సంస్థ ఆవరణలోనే ప్రయోగాత్మక పాఠశాల ఉంది. బడిని వదిలేసి ఏళ్లు మాత్రం పెంచుకుంటే రికార్డులు లావెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

చేయాల్సినవి మరీ అసాధ్యమేమీ కావు. ప్రతి మండలంలో మంచి ఉన్నత పాఠశాలను ఎంచి శిక్షణ పాఠశాలగా ప్రకటించాలి. అక్కడ ఇద్దరు ముగ్గురు ఛాత్రోపాధ్యాయులకో మార్గదర్శక టీచరును నియమించి, పని గంటల్లో వెసులుబాటు, గౌరవ భృతి ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ మార్కుల్లో సగం ఆయన చేతిలో పెట్టాలి. ఫైనల్ లెసన్ బదులు, ఒక తరగతి పిల్లలు ఎక్కడ మొదలై ఎంతవరకు వచ్చారో చూపే నివేదిక అడగాలి. నియామకాల్లో లక్షల మందితో పాఠం చెప్పించి చూసే డెమో సాధ్యం కాదన్నది నిజమే. డీఎస్సీ రాతపరీక్షలో నెగ్గుకొచ్చిన కొద్దిమందికి పెట్టడం సాధ్యమే. మార్కులు వేయడంలో పైరవీలు నడుస్తాయన్న భయం ఉంటే పాఠాన్ని వీడియో తీసి వేరే జిల్లా నిపుణులతో దిద్దించవచ్చు.

బీఈడీ ఏడాదా, రెండేళ్లా, నాలుగేళ్లా అన్నది ఢిల్లీ తేల్చుకుంటుంది. ఆ పదహారు వారాలు బడిలో నిజంగా గడిచేలా చూడటం మాత్రం మన రెండు ప్రభుత్వాల చేతిలోని పని. వచ్చే విద్యా సంవత్సరం ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ నాటికైనా, ఏ కళాశాల విద్యార్థులు ఏ బడికి, ఏ టీచరు దగ్గరికి వెళతారో జాబితా బయటపెట్టాలి. అది చూపలేని కళాశాలకు సీట్లు ఇవ్వకూడదు.