సెంటూ, బెల్లం పొగా

సెంటు రాసుకొచ్చే విద్యార్థిని ‘షోకిల్లా’ అని ఏడిపించడం కాలేజీల్లో పాత అలవాటే. ఆ మాటతో నాకు పేచీ లేదు. సెంటు ఎందుకు రాసుకుంటున్నాం అన్నదే నా ప్రశ్న.

మా చీడికాడ వైపు చెరకు పల్లెలు. బెల్లం వండే రోజుల్లో పెనం కింద ఎండిన పిప్పి మండుతుంది. సెలవలకు ఇంటికెళ్లి తిరిగొస్తే ఆ పొగా, పాకం వాసనా బట్టలకు పట్టి, చోడవరంలో బస్సెక్కి హాస్టలు దాకా వస్తాయి. “ఏరా, పొయ్యిలోంచి లేచొచ్చావా?” అని ఎవరో నవ్వుతారు. మర్నాడే మనవాడు ఘాటైన సెంటు కొని చొక్కా నిండా కుమ్మరించుకుంటాడు. పక్కవాడికి తలనొప్పి, లెక్చరర్ గారికి తుమ్ములు! ఇంటి ఆనవాలు చెరుపుకోవాలన్న ఆత్రం అది.

నేను వాడేది తేలికపాటి వెనిల్లా సెంటు. రాసుకోగానే నిమ్మజాతి తాజాదనం ముక్కుకు తగులుతుంది. అవి త్వరగా ఆవిరయ్యే నూనెలు కనుక మన ఎండలో ఎక్కువసేపు నిలవవు. రెండో పీరియడు నాటికి మిగిలేది వెనిల్లాయే. అందులోని వెనిలిన్ నెమ్మదిగా ఆవిరవుతుంది. మధ్యాహ్నానికి దగ్గరకొచ్చినవాళ్లకు మాత్రమే తెలుస్తుంది. సాయంత్రం ఒంటిమీద లేకపోయినా కాలరులో దొరుకుతుంది. తెల్లచొక్కా మీద మాత్రం చల్లకండి. వెనిలిన్ పోనుపోను గోధుమరంగుకు తిరిగి మరక పడొచ్చు.

ఈ వాసన దొరల సొత్తేమీ కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస కుర్రాడు ఈ పువ్వుకు చేత్తో పరాగ సంపర్కం చేసే సులువు కనిపెట్టాడు. మెక్సికో తీగ ఇతర దేశాల్లోనూ పంటగా నిలిచింది ఆ పద్ధతి వల్లే. 1874లో జర్మన్ శాస్త్రవేత్తలు టీమన్, హార్మన్ పైన్ జాతి చెట్లలోని కోనిఫెరిన్ నుంచి వెనిలిన్ తయారుచేశారు. తర్వాత కాగితపు మిల్లుల వ్యర్థంలోని లిగ్నిన్ నుంచీ తీశారు. ఆ లిగ్నిన్ కలపలో ఉంది, మన చెరకు పిప్పిలోనూ ఉంది. అది కాలినప్పుడు పొగలో కొద్దిగా వెనిలిన్ కూడా పుడుతుంది. అంటే ఏ వాసనకు సిగ్గుపడి సెంటు కొంటున్నామో, ఆ వాసనలోనే సెంటు పాలు కొంత ఉందన్నమాట!

కాబట్టి మిత్రులారా, సెంటు రాసుకోండి, తప్పులేదు. మణికట్టు మీద ఒకటి, మెడ దగ్గర ఒకటి, రెండు చుక్కలు చాలు. క్లాసు గదిలో గాలి అందరిదీ. పల్లె వాసనను మాత్రం దానికింద కప్పెట్టకండి. మాలో చాలామంది ఫీజు ఆ పెనం దగ్గరే పుట్టింది.

సీనియర్లకూ, గురువులకూ ఒక్క మనవి. వచ్చే ఏడు బెల్లం పొగ వాసనతో కొత్త కుర్రాడెవరైనా వచ్చి మీ పక్కన కూర్చుంటే ముక్కు మూసుకోకండి. ఏ ఊరు బాబూ అని అడగండి.